తుంటి మార్పిడి తర్వాత నొప్పి తగ్గకపోతే: ఏ దారి ఎవరికి

ఆపరేషన్ అయి నాలుగు నెలలు దాటింది. కుట్లు మానాయి, ఎక్స్‌రే బాగుందన్నారు, వాకర్ మూలకు చేరింది. నొప్పి మాత్రం పోలేదు. ఇంట్లో ఒకరు ఇంకో బిళ్ళ వేసుకోమంటారు, ఒకరు వేడినీళ్ళ కాపడం పెట్టమంటారు, పక్కింటావిడ ఏదో నూనె పేరు చెబుతుంది, మెడికల్ షాపతను సూది వేయించుకోమంటాడు. నేను రాజమహేంద్రవరం చుట్టుపక్కల ఇళ్ళకు వెళ్ళి ఫిజియోథెరపీ చేయిస్తాను. నేను గడప దాటేసరికే ఈ నాలుగు సలహాలూ ఆ ఇంట్లో తిరుగుతుంటాయి. నొప్పి ఎక్కడ, ఎప్పుడు, ఎలా వస్తోందని మాత్రం ఎవరూ అడిగి ఉండరు. ఆ మూడూ తేలితే దేన్ని ఎంచుకోవాలో సగం తేలినట్టే. అందుకే మందుల కంటే ముందు అక్కడినుంచి మొదలుపెడతాను.

ఇలా నొప్పి మిగలడం మీ ఒక్కరికే జరిగింది కాదు. అనేక పరిశోధనలను కలిపి 2012లో చేసిన ఒక సమీక్షలో, తుంటి మార్పిడి చేయించుకున్నవారిలో 7 నుంచి 23 శాతం మందికి చాలాకాలం తర్వాత కూడా చెప్పుకోదగ్గ నొప్పి ఉందని తేలింది. "అందరికీ తగ్గింది, నీకే ఎందుకు తగ్గలేదు?" అని పెద్దవాళ్ళను నిలదీసే పిల్లలు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. ఆ మాట నొప్పి కంటే ఎక్కువ బాధిస్తుంది. నా కళ్ళారా చూశాను.

ముందు ఒక్క వేలితో చూపించండి

నొప్పి ఎక్కడమ్మా అంటే చాలామంది అరచేతిని నడుం నుంచి మోకాలిదాకా రాస్తారు. అలా కాదు, లేచి నాలుగడుగులు వేయించి, ఒక్క వేలు పెట్టి చూపించమంటాను. అప్పుడు వేలు ఒకచోట ఆగుతుంది.

గజ్జలో ఆగితే ఆలోచన కొత్త గిన్నె మీదకు, అంటే బంతి తిరగడానికి కటి ఎముకలో బిగించిన కృత్రిమ గుంట మీదకు పోతుంది. గిన్నె వదులైనా గజ్జలోనే నొప్పి, లోపల చీము పట్టినా గజ్జలోనే. మూడో సంగతి ఒకటుంది: తొడను పైకి లేపే కండరం గిన్నె అంచుకు రాసుకోవడం. వీళ్ళు సమతలంగా నడిచినంతసేపూ బాగానే ఉంటారు. కారులోకి కాలు ఎత్తి పెట్టుకునేటప్పుడు, మెట్టెక్కేటప్పుడు, మంచం మీదకు కాలు తీసుకునేటప్పుడు మాత్రం చురుక్కుమంటుంది. చేత్తో తొడను పట్టుకుని ఎత్తుకుంటుంటారు. ఆ ఒక్క అలవాటు గురించి సర్జన్‌కు తప్పక చెప్పండి.

పక్క ఎముక మీద, అంటే ప్యాంటు జేబు ఉండేచోట ఆగితే, చాలావరకు పిరుదు పక్క కండరాలు, వాటి కింద ఉండే చిన్న నీటితిత్తి కారణం. ఆ పక్కకు తిరిగి పడుకోలేరు, నొక్కితే నొప్పి. నేను ఎక్కువగా చూసేది ఇదే, వ్యాయామంతో బాగా దారికొచ్చేదీ ఇదే.

తొడ మధ్యలో ఆగితే తొడ ఎముక లోపల దిగేసిన రాడ్ సంగతి చూడాలి. సిమెంటు లేకుండా రాడ్ బిగించినవారికి ఎముక దానికి పట్టుకునే మొదటి ఏడాది, ఒక్కోసారి రెండేళ్ళు, తొడలో కొద్దిపాటి నొప్పి ఉండొచ్చు. ఏవీఎన్ వచ్చి, అంటే తుంటి బంతికి రక్తం అందక దెబ్బతిని, చిన్నవయసులోనే ఆపరేషన్ చేయించుకున్నవారికి ఎక్కువగా ఇలాంటి రాడ్లే వేస్తారు. నెలనెలకూ తగ్గుతుంటే కంగారు లేదు. కుర్చీలోంచి లేచిన తొలి నాలుగైదు అడుగులకు గట్టిగా పట్టుకుని, తర్వాత సర్దుకుని, దూరం నడిస్తే మళ్ళీ మొదలై, అది నెలనెలకూ పెరుగుతుంటే మాత్రం రాడ్ వదులైందేమో చూపించుకోవాలి.

పిరుదులో ఆగి, మోకాలు దాటి పాదందాకా పాకితే తుంటిని వదిలి నడుమును చూడాలి. నిలబడితే పెరిగి, కూర్చుంటేనో ముందుకు వంగితేనో హాయిగా ఉండే నొప్పి ఎక్కువసార్లు వెన్నుదే. ఆపరేషన్‌కు ముందు తుంటి నొప్పి చాటున దాక్కున్న నడుం నొప్పి, తుంటి బాగయ్యాక బయటపడుతుంది. దానికి తుంటి మీద ఎన్ని నూనెలు రాసినా ఫలితం ఉండదు.

ఇక నొప్పి ఎలా ఉందో చెప్పడానికి మన భాషలో ఉన్నన్ని మాటలు డాక్టర్ దగ్గర వాడండి. "పెయిన్ ఉందండీ" అని ఊరుకోకండి. మంట, తిమ్మిరి, కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం నరానికి గుర్తు. పట్టేసినట్టు, లాగుతున్నట్టు ఉంటే కండరం. కదలకుండా పడుకున్నా రాత్రంతా సలుపుతుంటే అది వేరే కథ, తేలిగ్గా తీసుకోకూడదు.

ఆగి చూడాలా, వెంటనే వెళ్ళాలా

మొదటి 6 వారాలు వాపు, కమిలిన రంగు, కుట్ల దగ్గర బిగుతు మామూలే. 3 నెలలకు చాలామంది తేలికపడతారు. కండరాలు పూర్తిగా కోలుకోవడానికి ఏడాది పడుతుంది. కాబట్టి నొప్పి మెల్లగానైనా కిందికి దిగుతుంటే ఆగి చూడవచ్చు. 3 నెలలు దాటాక కూడా తగ్గకుండా నిలిచిపోతేనో, తగ్గి మళ్ళీ పెరుగుతుంటేనో ఆగకుండా చూపించుకోండి. ఏళ్ళ తరబడి సుఖంగా ఉన్న తుంటిలో కొత్తగా నొప్పి మొదలైతే అది ఇంకా ముఖ్యం. అరుగుదల, వదులు, ఆలస్యంగా వచ్చే ఇన్ఫెక్షన్ ఇలాగే మొదలవుతాయి. షుగర్ ఉన్నవారికి పంటి చీమో, కాలి పుండో దారిచూపి, రక్తం ద్వారా క్రిములు కొత్త కీలు చేరడం జరిగే పనే.

ఒక్క గంట కూడా ఆగకూడనివి ఇవి. ఉన్నట్టుండి భరించలేని నొప్పి వచ్చి, కాలు పొట్టిగా లేక లోపలికో బయటికో తిరిగినట్టు కనిపించి, బరువు మోపలేకపోతే కీలు జారి ఉండొచ్చు, లేదా ఎముక విరిగి ఉండొచ్చు. పిక్క ఉబ్బి గట్టిపడి నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, దాన్ని మర్దన చేయకండి. దానికి ఆయాసమో ఛాతీ నొప్పో తోడైతే 108కి ఫోన్ చేయండి. కోత దగ్గర చీము, తడి, జ్వరం, చలి ఉంటే అదే రోజు ఆపరేషన్ చేసిన డాక్టర్‌కు చూపించాలి.

ఇక్కడ బతిమాలి చెప్పాల్సిన మాట ఒకటుంది. ఇన్ఫెక్షన్ అనుమానం ఉన్నప్పుడు ఊళ్ళో దొరికిన యాంటీబయాటిక్ వేసుకుని వెళ్ళకండి. కీలు లోపలి నీరు తీసి పరీక్షకు పంపితేనే ఏ క్రిమో తెలుస్తుంది. ముందే మందు పడితే క్రిమి పరీక్షకు దొరక్కుండా దాక్కుంటుంది, లోపల మాత్రం బతికే ఉంటుంది. నా దగ్గరకొచ్చిన ఒకాయన నెలన్నరలో మూడు కోర్సులు వాడారు. వేసుకున్న ప్రతిసారీ సలుపు వారం తగ్గి మళ్ళీ వచ్చేది. చివరికి పరీక్ష కోసం మందులన్నీ డాక్టర్ పర్యవేక్షణలో ఆపి, రెండు వారాలు ఎదురుచూడాల్సి వచ్చింది.

బిళ్ళల్లో ఏది

పారాసిటమాల్, వాపు తగ్గించే నొప్పి బిళ్ళలు, ట్రమడాల్, ప్రెగాబలిన్. మన మెడికల్ షాపుల్లో చివరికి ఈ నాలుగు రకాల్లోనే తిరుగుతాం.

రోజూ కొద్దికొద్దిగా ఉండే నొప్పికి, వ్యాయామానికి ముందు వేసుకోవడానికి నా ఓటు పారాసిటమాల్‌కే. 650 మిల్లీగ్రాముల బిళ్ళ ఆరు గంటల ఎడంతో రోజుకు నాలుగు దాటకుండా చాలామందికి సరిపోతుంది. లివర్ జబ్బు ఉన్నవారికి, రోజూ మందు తాగేవారికి, బాగా బక్కచిక్కినవారికి ఇంకా తక్కువే ఇవ్వాలి. చాలామంది పడే గొయ్యి ఒకటుంది: ఎసిక్లోఫెనాక్‌తో కలిపి అమ్మే బిళ్ళల్లోనూ, జలుబు బిళ్ళల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది. అట్ట వెనక చదవకుండా రెండూ వేసుకుంటే లెక్క తప్పుతుంది.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్ లాంటివి వాపుతో ఉన్న నొప్పికి పారాసిటమాల్ కంటే గట్టిగా పనిచేస్తాయి, నిజమే. అవి కొద్దిరోజుల మందులు. బీపీ, షుగర్, కిడ్నీ, గుండె జబ్బు, కడుపులో పుండు ఉన్న పెద్దవాళ్ళు నెలల తరబడి వాడితే తుంటి సంగతి అలా ఉంచి కిడ్నీ డాక్టర్ దగ్గరకు తిరగాల్సి వస్తుంది. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు రక్తం పల్చబడే మందు ఇస్తారు కదా, దానిమీద ఇది కూడా వేస్తే రక్తస్రావం భయం. గ్యాస్ బిళ్ళ తోడు వేసుకుంటే కడుపుకు కొంత రక్షణ, కిడ్నీకి ఏమీ లేదు.

ట్రమడాల్ తొలి వారాల్లో, రాత్రి నిద్ర పట్టనప్పుడు డాక్టర్ రాసిస్తే మంచిదే. నాలుగో నెలలో ఇంకా దానిమీద నడుస్తుంటే నాకు గుబులు. మలబద్ధకం, వాంతి, కళ్ళు తిరగడం, అలవాటు పడటం. రాత్రి బాత్రూముకు లేచి మత్తులో పడితే కొత్త కీలు చుట్టూ ఎముక విరుగుతుంది, అది మొదటి ఆపరేషన్ కంటే పెద్ద ఆపరేషన్. 2018 నుంచి ఇది మత్తుమందుల చట్టం కిందకు వచ్చింది. చీటీ లేకుండా ఇచ్చే షాపు మీకు మేలు చేస్తున్నట్టు కాదు.

ప్రెగాబలిన్ నరం నొప్పికే. ముందువైపు కోతతో ఆపరేషన్ చేసినవారికి తొడ బయటివైపు ఒక పలకంత చోట తిమ్మిరి, మంట ఉండటం తెలిసిన సంగతే, చాలామందికి నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. అంతవరకు మంట భరించలేకపోతే ఈ మందు పనికొస్తుంది. నిద్రమత్తు, పాదాల వాపు రావచ్చు. ఒక్కసారిగా మానేయకూడదు. ఎముక నొప్పికి, కండరం నొప్పికి దీన్ని వాడి ప్రయోజనం చూసినవారు నాకు తారసపడలేదు.

ఐసా, కాపడమా, నూనె మర్దనా

దీనికి ఎక్కువ చెప్పక్కర్లేదు. వాపు, వేడి ఉంటే, నడిచొచ్చాక పోటు పెడుతుంటే ఐస్. పల్చటి తువ్వాలులో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు. పొద్దున్నే బిగుసుకుపోయిన కండరానికి వ్యాయామానికి ముందు గోరువెచ్చని కాపడం. తిమ్మిరి ఉన్నచోట వేడినీళ్ళ సంచి పెట్టకండి, కాలినా తెలియదు. నూనె, కోత పూర్తిగా మానాక, తొడ కండరాల మీద మెల్లగా రాస్తే హాయిగా ఉంటుంది. కాలిని లాగి, మెలితిప్పి "ఎముక సరిచేసే" మర్దన మాత్రం వద్దు. కృత్రిమ కీలును అలా తిప్పితే జారుతుంది.

నడక ఒక్కటే చాలా

ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే కష్టపడి కూడా నష్టపోయేవారు ఇక్కడే ఎక్కువ. "రోజూ గంట నడుస్తున్నానండీ, అయినా నొప్పి" అంటారు. నడక గుండెకు, మనసుకు, షుగర్‌కు మంచిది. పిరుదు పక్క కండరం బలహీనంగా ఉన్నప్పుడు గంట నడిస్తే మాత్రం గంటసేపు తప్పుగా నడిచినట్టు. అద్దం ముందు ఆపరేషన్ కాలి మీద ఒక్క క్షణం నిలబడి చూడండి, గట్టిగా దేన్నైనా పట్టుకునే. రెండోవైపు నడుం కిందికి జారుతోందా? ఒళ్ళు పక్కకు ఊగుతోందా? అయితే ముందు కావలసింది బలం, దూరం కాదు.

వంటింటి గట్టు పట్టుకుని నిలబడి, కాలివేళ్ళు ముందుకే ఉండేలా కాలు పక్కకు చాపడం. పడుకుని మోకాళ్ళు మడిచి నడుం లేపడం. కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేవడం. ఒక్కొక్కటి పదిసార్లు, రోజుకు రెండు పూటలు, సర్జన్ ఒప్పుకున్నాక. నొప్పిని పదికి కొలిస్తే మూడు నాలుగు దాకా రావచ్చు, మర్నాటి పొద్దుటికి మామూలుకు దిగాలి. దిగకపోతే నిన్న చేసింది ఎక్కువైందని అర్థం, మానేయమని కాదు, తగ్గించమని. నడకను పావుగంట చొప్పున మూడు ముక్కలు చేసుకోండి.

వ్యాయామమా, సూదా అని అడిగేవారికి ఒక పోలిక ఉంది. ఆస్ట్రేలియాలో 204 మంది మీద చేసి 2018లో ప్రచురించిన పరిశోధన అది. పక్క ఎముక నొప్పి ఉన్నవారిని మూడు జట్లు చేశారు. 8 వారాలకు బాగుందన్నవారు, వ్యాయామం, కూర్చునే నిలబడే అలవాట్లు నేర్పిన జట్టులో 77 శాతం, స్టెరాయిడ్ సూది వేసిన జట్టులో 58 శాతం, ఏమీ చేయకుండా చూసిన జట్టులో 29 శాతం. వాళ్ళు తుంటి మార్పిడి చేయించుకున్నవారు కాదు కాబట్టి అంకెలు అచ్చంగా మనకు వర్తించవు. దెబ్బతిన్న కండరం ఒకటే కనుక, పక్క నొప్పికి నేను వ్యాయామాన్నే ముందు పెడతాను. రాత్రిపూట మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోవడం, ఒక కాలి మీద బరువంతా వేసి నిలబడకపోవడం కూడా వైద్యంలో భాగమే.

సూది ఎప్పుడంటే, రెండు మూడు నెలల వ్యాయామం తర్వాత కూడా పక్కన నొప్పి నిద్ర చెడగొడుతుంటే, ఇన్ఫెక్షన్ లేదని రక్తపరీక్షల్లో తేలాక, ఎముకల డాక్టర్ చేతే. గజ్జ కండరం రాపిడికి స్కానింగ్‌లో చూస్తూ వేసే సూది ఉంది, అది కారణాన్ని నిర్ధారించడానికి కూడా పనికొస్తుంది. కృత్రిమ కీలు లోపలికి క్రిములు పోతే ఎంత కష్టమో ముందే చెప్పాను. కాబట్టి తుంటి దగ్గర "నొప్పి సూది" ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకోవద్దు.

కర్ర ఏ చేతికి

మండపేట దగ్గర ఒక మామ్మగారు. కుడి తుంటి మార్చారు, కర్ర కుడిచేతిలోనే. అడుగు వేసినప్పుడల్లా ఒళ్ళు కుడికి ఒరిగేది. "మామ్మగారూ, కర్ర ఎడమచేతికి మార్చండి" అన్నాను. "నొప్పి ఈ పక్కనమ్మా, ఆ పక్క పెట్టుకుంటే ఏం లాభం?" అన్నారు. వసారాలో ఆ చివరినుంచి ఈ చివరికి నడిపించాను, ఎడమచేతి కర్ర, కుడికాలు ఒకేసారి ముందుకు. రెండో విడతకు భుజం నిటారైంది. మూడో విడతకు ఆవిడే ఆగి, కర్రను పైకెత్తి చూసుకుని, "ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేమే" అన్నారు.

కాలు మీద నిలబడినప్పుడు శరీరం బరువును నిలబెట్టడానికి ఆ పక్క కండరం గట్టిగా లాగుతుంది, ఆ లాగుడే కీలు మీద పెద్ద భారం. ఎదుటి చేతిలోని కర్ర ఆ లాగుడులో వాటా తీసుకుంటుంది. చెయ్యి కిందికి వేలాడదీస్తే మణికట్టు మడత దగ్గరకు కర్ర పిడి రావాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. కుంటి నడకతో కర్ర లేకుండా తిరగడం కంటే కర్రతో నిటారుగా నడవడం మేలు.

కాళ్ళ ఎత్తు తేడాగా అనిపించడం ఇంకో ఫిర్యాదు. తొలి నెలల్లో కండరాల బిగుతు వల్ల ఆపరేషన్ కాలు పొడుగైనట్టు తోస్తుంది, చాలామందికి అది సర్దుకుంటుంది. వెంటనే చెప్పు కింద సోల్ వేయించుకుంటే ఒళ్ళు ఆ వంకరకే అలవాటు పడుతుంది. ఆరు నెలలదాకా చూసి, కొలిపించి, అప్పటికీ తేడా ఇబ్బంది పెడితే పొట్టి కాలి చెప్పుకు సోల్ వేయించండి, ఇంట్లో తొడిగే చెప్పులకు కూడా.

నేల మీద కూర్చోవడం, ఇండియన్ బాత్రూము, బాసింపట్టు వేయడం గురించి అడగనివారు లేరు. వెనకవైపు కోతతో చేసినవారికి తుంటిని బాగా మడవడం, కాళ్ళు అడ్డంగా వేయడం తొలి నెలల్లో ప్రమాదం, తర్వాత ఎంతవరకు చేయవచ్చో మీ సర్జన్ మాటే చివరిది. కుర్చీ ఎత్తు మాత్రం ఈ రోజే సరిచేసుకోవచ్చు. కూర్చుంటే తుంటి మోకాలి కంటే కిందికి పోకూడదు. పల్చటి ప్లాస్టిక్ కుర్చీలో మునిగిపోయి, గజ్జ నొప్పి అనేవారు ఎందరో.

మళ్ళీ ఆపరేషనా

నొప్పి ఉంది కాబట్టి మళ్ళీ తెరిచి చూద్దాం అనడం నేను ఒప్పుకోను. కారణం తేలితే, అంటే గిన్నెనో రాడ్డో వదులైందని, ఇన్ఫెక్షన్ ఉందని, కీలు పదేపదే జారుతోందని రుజువైతే, రెండో ఆపరేషన్ నిజంగా మేలు చేస్తుంది. అప్పుడు వాయిదా వేసేకొద్దీ ఎముక కరిగిపోతుంది. కారణం దొరక్కుండా చేస్తే పాత నొప్పి అలాగే ఉండి కొత్త కోత తోడవుతుంది. ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఛాయలు చూపే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు, అనుమానం ఉంటే కీలు నీటి పరీక్ష, నడుం పరీక్ష, తొలి ఎక్స్‌రే పక్కన పెట్టి ఇప్పటి ఎక్స్‌రేను పోల్చడం, ఇవన్నీ అయ్యాకే ఆ మాట. ఒక్క కొత్త ఎక్స్‌రే చూసి "అంతా బాగుంది" అన్నా, "మార్చేద్దాం" అన్నా, పాతదాంతో పోల్చారా అని మర్యాదగా అడగండి.

ముందు ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరకే వెళ్ళండి. లోపల ఏం పెట్టారో, ఎముక ఎలా ఉందో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. రెండుసార్లు వెళ్ళినా పరీక్షలు లేకుండా బిళ్ళలు మాత్రమే రాసిస్తుంటే, తుంటి రెండో ఆపరేషన్లు తరచూ చేసే ఇంకొకరి అభిప్రాయం తీసుకోవడంలో మొహమాటం అక్కర్లేదు.

వెళ్ళేటప్పుడు డిశ్చార్జ్ కాగితం, ఆపరేషన్ రాసిన పేజీ, మొదటినుంచీ తీసిన ఎక్స్‌రేలన్నీ, వాటితోపాటు ఇంప్లాంట్ స్టిక్కర్ పట్టుకెళ్ళండి. ఆ చిన్న స్టిక్కర్ మీద కంపెనీ పేరు, సైజు, బ్యాచ్ నంబరు ఉంటాయి. డీప్యూ సంస్థ ఏఎస్‌ఆర్ అనే లోహం మీద లోహం రాసుకునే తుంటి కీలును 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. రాపిడికి కోబాల్ట్, క్రోమియం రక్తంలో చేరి, చుట్టూ కండ దెబ్బతిన్నవారు మన దేశంలోనూ ఉన్నారు. వాళ్ళకు 30 లక్షల నుంచి 1 కోటి 23 లక్షల రూపాయల దాకా పరిహారం ఇవ్వాలని 2018లో కేంద్ర ప్రభుత్వం లెక్క ఖరారు చేసింది. తమ ఒంట్లో ఉన్నది అదేనా అని తేల్చుకోవడానికి బాధితులకు ఆధారం ఆ కాగితాలే. మీ స్టిక్కర్ సాధారణంగా ఆపరేషన్ నోట్స్ పేజీకి అంటించి ఉంటుంది, ఫైల్లో లేకపోతే ఆసుపత్రి రికార్డుల గదిలో అడిగి జిరాక్స్ తీసుకోండి, ఫొటో తీసి పిల్లల ఫోన్లో కూడా ఉంచండి.